గుంటూరు ‘గటర’ ఎందుకైంది? – వెబ్ అప్లికేషన్లపై పాఠకుల సందేహాలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం జాంగో (పైథాన్ భాషలో వెబ్ అప్లికేషన్లు కట్టే చట్రం) వాడేవాళ్లవే. అందుకే జవాబులన్నీ జాంగో పేర్లతోనే ఇస్తున్నాం. అలాంటివే అయిన లారావెల్, రైల్స్ వాడేవాళ్లకి జబ్బులు ఇవే, మందుల పేర్లు మాత్రం వేరు. కోడ్‌లో అండర్‌స్కోర్‌తో కలిపి రాసే పేర్లను ఇక్కడ విడివిడి మాటలుగా అచ్చువేశాం.

ప్రశ్న: మిర్చి కమీషన్ కొట్టు కోసం పట్టీలు (రైతు సరుకు అమ్మకం లెక్క చీటీలు) రాసే అప్లికేషన్ చేశాను. సీజన్ మొదట్లో బాగానే నడిచింది. ఇప్పుడు 200 పట్టీల జాబితా తెరవడానికి 8, 9 సెకన్లు పడుతోంది. సర్వర్ పెద్దది తీసుకోమంటున్నారు. తీసుకోవాలా?
– ప్రోగ్రామర్, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: వద్దు. ముందు ఆ పేజీ ఎన్ని క్వెరీలు (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు) వేస్తోందో లెక్కపెట్టండి. జాంగో డీబగ్ టూల్‌బార్ పెట్టుకుంటే పక్కనే అంకె కనిపిస్తుంది. మీ జాబితాలో ఒక్కో వరసకీ రైతు పేరు, కొనుగోలుదారు పేరు, లాట్ల వివరాలు చూపిస్తున్నారనుకుందాం. పట్టీలు తేవడానికి ఒక క్వెరీ. ఆ తర్వాత టెంప్లేట్‌లో, అంటే పేజీ నమూనాలో, చుక్క పెట్టి రైతు పేరు అడిగినప్పుడల్లా ఒకటి, కొనుగోలుదారుకి ఒకటి, లాట్లకి ఒకటి. 200 వరసలకి మొత్తం 601. డేటాబేస్ వేరే సర్వర్ మీద ఉండి, ఒక్కో రాకపోకకి 15 మిల్లీసెకన్లు వేసుకున్నా 9 సెకన్లు అక్కడే పోయాయి. సర్వర్ ఎంత పెద్దదైనా ఆ 601 ప్రయాణాలు తగ్గవు.

పట్టీకి రైతు ఒక్కడే, కొనుగోలుదారు ఒక్కడే. ఈ రెండింటికీ సెలెక్ట్ రిలేటెడ్ వాడితే మొదటి క్వెరీలోనే జాయిన్ అయి (టేబుళ్లు కలిసి) వచ్చేస్తాయి. లాట్లు మాత్రం ఒక పట్టీకి చాలా ఉంటాయి కనుక వాటికి ప్రీఫెచ్ రిలేటెడ్. అది 200 పట్టీల లాట్లన్నీ ఒకే క్వెరీలో తెచ్చి, ఎవరివి వాళ్లకి పంచుతుంది. 601 కాస్తా 2 అవుతుంది.

ఇంత చేసినా క్వెరీలు తగ్గలేదని కొందరు మళ్లీ రాస్తుంటారు. వాళ్ల కోడ్‌లో లాట్ల మీద ఎక్కడో ఫిల్టర్ ఉంటుంది: ‘తేజ రకం లాట్లు మాత్రమే’ అని. ఫిల్టర్ పెట్టగానే ముందు తెచ్చిపెట్టుకున్నది పక్కకి పోయి, కొత్త క్వెరీ వెళ్తుంది. ఆ షరతును ప్రీఫెచ్ అనే ఆబ్జెక్ట్‌లో ముందే రాసి, ఫలితాన్ని వేరే పేరుతో దాచుకోవాలి.

ఇంకో ప్రమాదం అడగకుండానే చెప్తున్నాం, ఎందుకంటే ఇది డబ్బు లెక్క. పట్టీకి లాట్ల మొత్తం బరువు, చెల్లించిన మొత్తం సొమ్ము రెండూ ఒకే అనొటేట్‌లో (వరస వరసకీ మొత్తం లెక్కగట్టే పద్ధతి) వేయకండి. 3 లాట్లు, 2 చెల్లింపులు ఉన్న పట్టీకి జాయిన్ వల్ల 6 వరసలు తయారవుతాయి. బరువు రెట్టింపు, చెల్లింపు మూడింతలు కనిపిస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు. రైతు వచ్చి అడిగేదాకా తెలియదు. డిస్టింక్ట్ (ఒకే విలువ మళ్లీ వస్తే ఒకసారే లెక్కించడం) పెడితే సరిపోతుందని ఎవరైనా చెబితే వినకండి: రెండు లాట్లు సరిగ్గా ఒకే బరువు తూగితే అందులో ఒకటి లెక్కలోంచి ఎగిరిపోతుంది. రెండు మొత్తాలకీ రెండు సబ్‌క్వెరీలు (క్వెరీ లోపలి క్వెరీలు) రాయడమే పద్ధతి.

ఇక ఇండెక్స్, అంటే డేటాబేస్ త్వరగా వెతుక్కునే సూచిక. ఫారిన్ కీలకి (వేరే టేబుల్ వరసను చూపే కాలమ్‌లకి) జాంగో తనే వేస్తుంది, తేదీకి వేయదు. మీ జాబితా ఎప్పుడూ కొట్టు, తేదీ అనే వరసలో వడపోస్తుంది కనుక ఆ రెండూ కలిపి ఒక ఇండెక్స్ వేయండి. పేజీకి 50 పట్టీలు చాలు. 200 ఎవరూ చదవరు.

ప్రశ్న: ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపుకి బిల్లింగ్ చేశాం. రెండు కౌంటర్లు. నెలకి రెండు మూడుసార్లు ఒకే నంబరుతో రెండు బిల్లులు వస్తున్నాయి. చివరి నంబరు తీసి ఒకటి కలుపుతున్నాం, అంతే. ఆడిటర్ గారు ఒప్పుకోవడం లేదు.
– విజయవాడ

జవాబు: ఆడిటర్ గారి మాట న్యాయమే. జీఎస్టీ నిబంధనల ప్రకారం ఇన్వాయిస్ నంబరు 16 అక్షరాలు దాటకూడదు, వరసగా ఉండాలి, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు.

జరుగుతున్నది ఇది. మొదటి కౌంటర్ చివరి నంబరు 411 అని చదివింది. అది 412 రాసేలోపు రెండో కౌంటర్ కూడా 411 అనే చదివింది. ఇద్దరూ 412 రాశారు. అట్టమిక్ బ్లాక్‌లో పెట్టాం కదా అంటారేమో. అట్టమిక్ చేసేది ‘అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు’ అన్నంత వరకే. పక్కవాణ్ణి ఆపదు. బిల్లుల టేబుల్లో ఉన్న వరసలకి తాళం వేసినా లాభం లేదు, ఇంకా పుట్టని వరసకి తాళం వేయలేం కదా.

అందుకని నంబర్లకి వేరే చిన్న టేబుల్ పెట్టండి. అందులో మూడే కాలమ్‌లు: శాఖ, ఆర్థిక సంవత్సరం, చివరి నంబరు. మొదటి రెండూ కలిపి యూనిక్ (అదే జత మళ్లీ రాకూడదు). బిల్లు ఖాయం చేసేటప్పుడు అట్టమిక్ తెరిచి, ఆ శాఖ వరసను సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌తో తీసుకోవాలి. అక్కడ తాళం పడుతుంది. నంబరుకి ఒకటి కలిపి సేవ్ చేసి, అదే బ్లాక్‌లో బిల్లు కూడా రాసి బయటికి రావాలి. రెండో కౌంటర్ తాళం దగ్గర కొన్ని మిల్లీసెకన్లు ఆగి 413 తీసుకుంటుంది. మధ్యలో ఏదైనా విఫలమైతే నంబరు కూడా వెనక్కి పోతుంది కనుక వరసలో ఖాళీ రాదు. టేబుల్ ఐడీనే బిల్లు నంబరుగా వాడితే ఈ సదుపాయం ఉండదు, వెనక్కి పోయిన ఐడీ తిరిగి రాదు.

తాళం వేసి ఉన్నంతసేపూ ఆ బ్లాక్‌లో ఎస్ఎంఎస్ పంపడం, ప్రింటర్‌ను పిలవడం, పేమెంట్ గేట్‌వే జవాబు కోసం ఆగడం – ఏవీ పెట్టకండి. ఎస్ఎంఎస్ కంపెనీ సర్వర్ 10 సెకన్లు నిద్రపోతే మీ రెండో కౌంటర్ కూడా 10 సెకన్లు నిద్రపోతుంది. అలాంటివన్నీ ఆన్ కమిట్‌కి (మార్పులు డేటాబేస్‌లో ఖాయమయ్యాకే నడిచేది) అప్పజెప్పాలి.

కోడ్ అంతా సరిగ్గా ఉండి కూడా మీ ల్యాప్‌టాప్‌లో తాళం పడటం లేదంటే, మీరు ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైలులో ఉండే చిన్న డేటాబేస్) మీద పరీక్షిస్తున్నారన్నమాట. దాని మీద సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌కి ఏ ప్రభావమూ ఉండదు, హెచ్చరిక కూడా రాదు. పోస్ట్‌గ్రెస్ లేదా మైఎస్‌క్యూఎల్ మీద రెండు షెల్ కిటికీలు తెరవండి. మొదటిదాంట్లో తాళం వేశాక 20 సెకన్లు స్లీప్ పెట్టండి. రెండోది ఆగితే సరే. వెంటనే నంబరు ఇచ్చేస్తే ఎక్కడో తప్పుంది.

ఇంత చేసినా బిల్లు టేబుల్లో శాఖ, సంవత్సరం, నంబరు మూడూ కలిపి యూనిక్ కన్‌స్ట్రెయింట్ వేయాల్సిందే. రేపు ఎవరో కొత్త కుర్రాడు వేరే దారిలో బిల్లు రాసే కోడ్ పెట్టినా డేటాబేస్ ఊరుకోదు. నంబరు రూపానికి రెండక్షరాల శాఖ గుర్తు, గీత, 25-26, గీత, ఆరంకెల సంఖ్య వాడితే మొత్తం 15 అవుతుంది, పరిమితిలో ఉన్నట్టే. డ్రాఫ్ట్ బిల్లులకి నంబరు ఇవ్వకండి. రద్దయిన బిల్లును తుడిచేయకండి, ‘రద్దు’ అని గుర్తు పెట్టి ఉంచండి.

మీ ఉత్తరంలో లేదు గానీ, ఒకే బిల్లు రెండు వేర్వేరు నంబర్లతో రావడం కూడా మీ దగ్గర జరుగుతూ ఉండొచ్చు. కౌంటర్లో కుర్రాడు తొందరలో బటన్ రెండుసార్లు నొక్కుతాడు. బటన్‌ను జావాస్క్రిప్ట్‌తో ఆపడం సగం వైద్యమే. ఫారమ్ చూపించేటప్పుడే ఒక యూయూఐడీ (మళ్లీ రాని పొడవాటి గుర్తింపు సంఖ్య) దాచి పెట్టండి, బిల్లు టేబుల్లో దానికి యూనిక్ కాలమ్ ఇవ్వండి. రెండో నొక్కుకి ఇంటిగ్రిటీ ఎర్రర్ వస్తుంది. దాన్ని పట్టుకుని, అదే యూయూఐడీ ఉన్న పాత బిల్లు పేజీకే రీడైరెక్ట్ చేయండి. ట్రై, ఎక్సెప్ట్ (ఎర్రర్‌ను పట్టుకునే కోడ్) మాత్రం అట్టమిక్ బ్లాక్ బయట ఉండాలి. లోపల పట్టుకుంటే ఆ ట్రాన్సాక్షన్ అప్పటికే చెడిపోయి ఉంటుంది, తర్వాతి క్వెరీ ప్రతిదీ ఎర్రరే.

ప్రశ్న: మా బిల్లుకీ కస్టమర్ కాలిక్యులేటర్‌కీ రెండు పైసలు తేడా వస్తోంది. ఫ్లోట్ (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే రకం) మానేసి డెసిమల్ ఫీల్డే వాడుతున్నాం.
– బీసెంట్ రోడ్డు, విజయవాడ

జవాబు: ఫ్లోట్ మానేశారు, సగం పని అయింది. మిగతా సగం రౌండింగ్. పైథాన్ డెసిమల్‌లో క్వాంటైజ్ (దశాంశ స్థానాలు కుదించే పద్ధతి) సరిగ్గా సగం దగ్గర మామూలుగా సరిసంఖ్య వైపుకి సవరిస్తుంది. 50.50 రూపాయల మీద 9 శాతం అంటే 4.545. పైథాన్ దాన్ని 4.54 చేస్తుంది, మనం బళ్లో నేర్చుకున్న లెక్క ప్రకారం 4.55. సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ రెండింటిలోనూ పైసా పైసా పోతే మీ రెండు పైసలు. క్వాంటైజ్ రాసిన ప్రతిచోటా రౌండ్ హాఫ్ అప్ (సగం వస్తే పైకి) అని చెప్పండి. అది కూడా ఒకే ఫంక్షన్‌లో రాసి, అన్నిచోట్లా దాన్నే పిలవండి. వస్తువు వస్తువుకీ సవరించి కూడుతున్నారా, కూడాక ఒకేసారి సవరిస్తున్నారా అన్నది కూడా స్క్రీన్ మీదా ప్రింట్‌లోనూ ఒకటే ఉండాలి.

ప్రశ్న: తెలుగు వార్తల సైట్ చేస్తున్నాను. శీర్షిక నుంచి యూఆర్ఎల్ తయారు చేయడానికి స్లగిఫై వాడితే ఖాళీ వచ్చింది. అలవ్ యూనికోడ్ పెడితే ‘గుంటూరు మిర్చి ధరలు’ కాస్తా ‘గటర-మరచ-ధరల’ అయింది. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.
– ఎంసీఏ విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు నవ్వుకోండి, తర్వాత చదవండి.

స్లగిఫై మామూలుగా ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు తప్ప అన్నీ తీసేస్తుంది, అందుకే ఖాళీ. అలవ్ యూనికోడ్ పెట్టినప్పుడు పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో (అక్షరాల నమూనా) ‘పద అక్షరం’ అనిపించుకున్నవాటిని ఉంచుతుంది. అక్కడే వచ్చింది చిక్కు. యూనికోడ్‌లో గ, ట, ర అక్షరాలు. గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు మాత్రం అక్షరాలు కావు, అక్షరానికి అంటిపెట్టుకునే గుర్తులు. పైథాన్ వాటిని పద అక్షరాలుగా ఒప్పుకోదు. తలకట్లు మిగిలి గుడులు, కొమ్ములు రాలిపోతాయి, ఒత్తులు విడి అక్షరాలవుతాయి. చూడటానికి బాగుండకపోవడం ఒక్కటే కాదు, పాలు, పూలు, పులి మూడూ ‘పల’ అవుతాయి. మూడు వార్తలకి ఒకే యూఆర్ఎల్.

సొంతంగా చిన్న ఫంక్షన్ రాసుకోండి. ముందు ఎన్ఎఫ్‌సీ (ఒకే అక్షరాన్ని ఎప్పుడూ ఒకే తీరులో రాసే యూనికోడ్ పద్ధతి) రూపంలోకి మార్చి, యూనికోడ్ డేటా మాడ్యూల్‌లో ఒక్కో అక్షరం వర్గం అడగండి. వర్గం పేరు ఎల్, ఎమ్, ఎన్‌లతో మొదలైతే ఉంచాలి. ఖాళీ అయితే అడ్డగీత. మిగతావి తీసేయాలి. ఆ ‘ఎమ్’ వర్గమే మీ కొమ్ములూ గుడులూ.

అక్కడితో అయిపోదు. స్లగ్ ఫీల్డ్ (యూఆర్ఎల్ మాటను దాచే కాలమ్ రకం) తనిఖీ కూడా అదే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ మీద నడుస్తుంది కనుక, అడ్మిన్‌లో సేవ్ చేయబోతే ‘చెల్లని స్లగ్’ అంటుంది. క్యార్ ఫీల్డ్ వాడండి. యూఆర్ఎల్ దారిలో స్లగ్ కన్వర్టర్ అయితే ఇంగ్లీషు అక్షరాలు తప్ప ఒప్పుకోదు, పేజీ ఉన్నా 404 (పేజీ దొరకలేదు) చూపిస్తుంది. దాని బదులు ఎస్‌టీఆర్ కన్వర్టర్.

ఇదంతా చేయొచ్చు. చేయాలా అన్నది వేరే మాట. తెలుగు అక్షరం ఒక్కోటీ యూటీఎఫ్-8లో 3 బైట్లు. లింకు కాపీ చేసినప్పుడు ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలు అవుతుంది. ‘గుంటూరు’లో యూనికోడ్ లెక్కన 7 గుర్తులున్నాయి, లింకులో అవి 63. వాట్సాప్‌లో పంపితే వార్త కంటే లింకే పొడుగు. మా సలహా: వార్త నంబరుతోనే పేజీ తెరుచుకోవాలి, దాని వెనక ఉప సంపాదకులు చేత్తో రాసిన మూడు నాలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో అలంకారానికి ఉండాలి. అలంకారం మారినా నంబరు మారదు కనుక పాత లింకులు తెగవు.

తెలుగు సైటే కనుక వెతుకులాట గురించి కూడా. ‘సాఫ్ట్‌వేర్’ అనే మాటను కొందరు ట్ తర్వాత కంటికి కనిపించని జడ్‌డబ్ల్యూఎన్‌జే గుర్తు పెట్టి టైపు చేస్తారు, కొందరు పెట్టరు. కంప్యూటర్‌కి అవి రెండు వేర్వేరు మాటలు. ఒకటి వెతికితే రెండోది దొరకదు. వార్త టేబుల్లో వెతకడానికని వేరే కాలమ్ పెట్టి, ఆ గుర్తు తీసేసి, ఎన్ఎఫ్‌సీ చేసి దాచండి. పాఠకుడు వెతికిన మాటకీ అదే పని చేసి పోల్చండి. ఆ కాలమ్‌ను సేవ్ మెథడ్‌లో నింపుతుంటే ఒకటి గుర్తుంచుకోండి: బల్క్ క్రియేట్, అప్‌డేట్ రెండూ సేవ్ గుమ్మం తొక్కవు. పాత వార్తలు గుంపుగా ఎక్కించినప్పుడు ఆ కాలమ్ ఖాళీగా ఉండిపోతుంది.

ప్రశ్న: పాత మైఎస్‌క్యూఎల్‌లో తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా కనిపిస్తున్నాయి. తిరిగి తెప్పించవచ్చా?
– కొత్తపేట, గుంటూరు

జవాబు: టేబుల్ లోపలే ప్రశ్నార్థకాలుంటే రావు. లాటిన్1 (పడమటి యూరప్ అక్షరాలకే చోటున్న పద్ధతి) టేబుల్లో తెలుగు రాయబోతే పట్టక, అక్షరం బదులు ప్రశ్నార్థకమే దాచింది. బ్యాకప్ వెతుక్కోవడమే. అలా కాక, గుర్తులు తగిలించిన లాటిన్ అక్షరాల గుంపు కనిపిస్తుంటే ఆశ ఉంది: బైట్లు లోపల భద్రంగా ఉన్నాయి, చదివే పద్ధతే తప్పు. ముందు మొత్తం కాపీ తీసుకుని, ఆ కాలమ్‌ను బైనరీకి మార్చి, అక్కణ్ణుంచి యూటీఎఫ్8ఎంబీ4కి మార్చండి. మైఎస్‌క్యూఎల్‌లో పాత ‘యూటీఎఫ్8’ అనేది 3 బైట్లదాకానే. తెలుగు అందులో పడుతుంది, ఎమోజీలు 4 బైట్లవి కనుక పట్టవు. ‘నమస్కారం’ దాకా బాగానే నడిచి, చేతులు జోడించిన బొమ్మ దగ్గర ఎర్రర్ వచ్చేది అందుకే.

ప్రశ్న: లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకి గేటు ఎంట్రీల అప్లికేషన్ ఇచ్చాం. తెల్లవారుజామున వచ్చిన బండ్లు నిన్నటి రిపోర్టులో పడుతున్నాయి. పగలు వచ్చినవి సరిగానే ఉన్నాయి.
– ఆటోనగర్, విజయవాడ

జవాబు: రాత్రి 12 నుంచి ఉదయం 5.30 లోపు వచ్చిన బండ్లే తప్పుతున్నాయా? అయితే అది మన టైముకీ ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీకీ ఉన్న ఐదున్నర గంటల తేడా. కొత్త ప్రాజెక్టు సెట్టింగ్స్‌లో టైమ్ జోన్ యూటీసీ అని ఉంటుంది. దాన్ని ఏషియా/కోల్‌కతా చేయండి. యూజ్ టీజెడ్‌ను (టైమ్ జోన్లు పట్టించుకోవాలా అన్న సెట్టింగ్) మాత్రం ట్రూగానే వదిలేయండి. దాన్ని ఫాల్స్ చేసి చేతులు దులుపుకుంటే, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూలైట్‌లలో పాత ఎంట్రీలన్నీ ఐదున్నర గంటలు వెనక్కి కనిపిస్తాయి. ‘ఈ రోజు’ కావాల్సినచోట టైమ్‌జోన్ మాడ్యూల్‌లోని లోకల్ డేట్ వాడండి.

మైఎస్‌క్యూఎల్ అయితే టైమ్ జోన్ టేబుళ్లు విడిగా ఎక్కించాలి. అవి లేకపోతే తేదీతో వడపోసినప్పుడు వరస ఒక్కటి కూడా రాదు. ఇంకోటి, 1 నుంచి 31 వరకు అని రేంజ్ ఇస్తే 31వ తేదీ మొదలైన క్షణంతోనే ఆగిపోతుంది, ఆ రోజు బండ్లు లెక్కలోకి రావు. 1వ తేదీ నుంచి మొదలుపెట్టి, తర్వాతి నెల 1 కంటే తక్కువ అని రాయండి.

ప్రశ్న: మా కాలేజీలో 1,200 హాల్ టికెట్ల పీడీఎఫ్ ఒకేసారి తీస్తే 502 వస్తోంది. గునికార్న్ (జాంగోను నడిపే సర్వర్) టైమౌట్ 300 సెకన్లకి పెంచితే ఈసారి 504.
– లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: గునికార్న్ మామూలుగా 30 సెకన్లు చూసి వర్కర్‌ను (పేజీలు తయారుచేసే ప్రాసెస్) చంపేస్తుంది, అది మీ 502. మీరు దాన్ని 300 చేశారు. ముందున్న వెబ్ సర్వర్ ఎన్‌జిన్ఎక్స్ 60 సెకన్లు చూసి విసుగెత్తి 504 ఇచ్చింది. దాన్నీ పెంచితే ఎర్రర్ పోతుంది, సైట్ కూడా పోతుంది. ఒక కోర్ సర్వర్‌లో మామూలు లెక్కన, కోర్లు రెండింతలు చేసి ఒకటి కలిపితే, 3 వర్కర్లు. పేజీ రావడం లేదని గుమాస్తా మూడుసార్లు నొక్కితే ముగ్గురూ పీడీఎఫ్‌ల మీదే కూర్చుంటారు. విద్యార్థులకి లాగిన్ పేజీ కూడా రాదు.

పని టేబుల్ ఒకటి పెట్టండి: లైనులో, నడుస్తోంది, పూర్తి, విఫలం. బటన్ నొక్కితే అందులో ఒక వరస రాసి వెంటనే పేజీ తిరిగిచ్చేయాలి. అసలు పని సెలెరీ (తెర వెనక పనులు చేసే సాఫ్ట్‌వేర్) చేస్తుంది. ఒక కాలేజీకి సెలెరీ, దానికి పనుల లైను దాచే రెడిస్ ఎక్కువనిపిస్తే, నిమిషానికోసారి క్రాన్ (సర్వర్‌లోని టైమర్) పిలిచే మేనేజ్‌మెంట్ కమాండ్ చాలు. కాకపోతే ముందు కమాండ్ ముగిసిందో లేదో చూసుకోవాలి, లేకపోతే ఇద్దరు ఒకే పని మీద పడతారు. సెలెరీకి ఐడీ మాత్రమే పంపండి, అదీ ఆన్ కమిట్‌లో. కమిట్ కాకముందే పంపితే వర్కర్ పరుగెత్తుకెళ్లి, ఇంకా లేని వరస కోసం వెతికి ‘డజ్ నాట్ ఎగ్జిస్ట్’ అంటుంది. అది కూడా ఎప్పుడో ఒకసారి మాత్రమే జరుగుతుంది కనుక పట్టుకోవడం కష్టం.

హాల్ టికెట్ మీద పేర్లు తెలుగులో ఉంటే, వెబ్ పేజీని పీడీఎఫ్ చేసే వీజీప్రింట్ చూడండి. అది పాంగో ఆధారంగా అక్షరాలు పేరుస్తుంది, ఒత్తులు విడిపోవు. సర్వర్ మీద నోటో సాన్స్ తెలుగు ఫాంట్ ఉండాలి. మీ ల్యాప్‌టాప్‌లో ఉంది కదా అని సర్వర్‌లో ఉండదు, అక్షరాల చోట ఖాళీ డబ్బాలు వస్తాయి.

ప్రశ్న: డీబగ్ (తప్పులు వివరంగా చూపే సెట్టింగ్) ఫాల్స్ చేయగానే సైట్ బట్టలు విప్పేసినట్టు అయింది. ఫారమ్‌లు 403 (అనుమతి లేదు) అంటున్నాయి.
– పటమట, విజయవాడ

జవాబు: సీఎస్ఎస్ (పేజీకి రంగులు, అమరిక ఇచ్చే ఫైళ్లు) ఇన్నాళ్లూ ఇచ్చింది డెవలప్‌మెంట్ సర్వర్, డీబగ్ ఉన్నంతవరకే ఇస్తుంది. స్టాటిక్ రూట్ చెప్పి, కలెక్ట్ స్టాటిక్ నడిపి, ఆ ఫోల్డర్‌ను ఎన్‌జిన్ఎక్స్‌కి చూపించండి. లేదా వైట్‌నాయిస్ (ఆ ఫైళ్లను జాంగోయే ఇచ్చేలా చేసేది) పెట్టండి, మిడిల్‌వేర్ జాబితాలో సెక్యూరిటీ మిడిల్‌వేర్ వెంటనే దాని చోటు.

403కి సీఎస్ఆర్ఎఫ్ (వేరే సైట్ నుంచి దొంగ ఫారమ్ రాకుండా చూసే తనిఖీ) ట్రస్టెడ్ ఆరిజిన్స్‌లో మీ డొమైన్ ముందు హెచ్‌టీటీపీఎస్ ఉందో లేదో చూడండి. జాంగో 4.0 నుంచి అది తప్పనిసరి. ప్రాక్సీ (ముందు నిలబడి కోరికలు అందించే సర్వర్) వెనక ఉన్నారు కనుక ఎక్స్ ఫార్వర్డెడ్ ప్రోటో హెడర్‌ను ఎన్‌జిన్ఎక్స్ పంపాలి, సెక్యూర్ ప్రాక్సీ ఎస్ఎస్ఎల్ హెడర్ సెట్టింగ్ దాన్ని నమ్మాలి. ఈ రెండూ అయ్యాక ఫొటోలు ఎక్కించేటప్పుడు 413 వస్తుంది, ముందే చెప్తున్నాం: ఎన్‌జిన్ఎక్స్ మామూలుగా 1 ఎంబీ దాటనివ్వదు. క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్ 10 ఎంబీ చేసుకోండి. చెక్ కమాండ్‌ను డిప్లాయ్ ఆప్షన్‌తో ఒకసారి నడిపితే మిగిలిన లోపాలు అదే చెబుతుంది.

ప్రశ్న: జాంగో నేర్చుకోవాలా, లారావెలా?
– కానూరు

జవాబు: మీ సైట్ పెట్టబోయే చోటు చౌక షేర్డ్ హోస్టింగ్ అయితే లారావెల్, పీహెచ్‌పీ అక్కడ సిద్ధంగా ఉంటుంది. రేపు డేటాసైన్స్ వైపు వెళ్లే ఆలోచన ఉంటే జాంగో, పైథాన్ అక్కడా పనికొస్తుంది. ఏది పట్టుకున్నా మొదటి నెల ఎస్‌క్యూఎల్ మీద పెట్టండి.